అయిదు నిమిషాల నురగ

కొబ్బరినూనె అమ్ముకుని బతికేవాడు నెలన్నర పాటు తలకి చుక్క నూనె లేకుండా తిరిగితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే నన్ను చూడండి. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, నేనేం అనుకోను. మా ఆవిడే నవ్వింది, మీరెంత.

నాది అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే రోడ్డు మీద చిన్న నూనె మిల్లు. ఒక గానుగ, ఒక అబ్బులు. అబ్బులంటే మా నాన్నగారి టైము నుంచి ఉన్న పనివాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నాకంటే పదింతలు గట్టిగా మాట్లాడతాడు. మా సీసా మీద లేబుల్ మీరు చూసే ఉంటారు. అటు తిరిగి కూర్చున్న ఆడమనిషి, వీపు మీద నడుం దాటిన జడ. ఆ జడ మా సత్యవతిది. పెళ్ళైన కొత్తలో నేనే ఫొటో తీయించి లేబుల్ కొట్టించాను. జనం ఆ జడని చూసి కొంటున్నారు తప్ప మిమ్మల్ని చూసి కాదండీ అని అబ్బులు నెలకోసారి గుర్తుచేస్తూ ఉంటాడు.

సత్యవతి కువైట్ వెళ్ళి రెండేళ్ళు దాటింది. అక్కడ ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. మా అమ్మాయిని కాకినాడలో నర్సింగ్‌లో వేశాం, మిల్లు మీద వచ్చేది చాలడం లేదు, ఆవిడ వెళ్తానంది, నేను గట్టిగా వద్దనలేకపోయాను. ఇది సరదా కబురు కాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

వెళ్ళే రోజు పొద్దున్న ఆవిడ పెట్టె సర్దుతున్నదల్లా ఆపేసి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, మాడు మీద ఇంత నూనె పోసి తట్టింది. ఆదివారం ఆదివారం చేసే పనే. ఆ రోజు మాత్రం మంగళవారం. "నేనొచ్చేదాకా తల ఎండనివ్వకండి" అంది. నేను సరే అన్నాను. రెండేళ్ళలో మా ఇద్దరి మధ్యా జరిగిన ఒప్పందం అదొక్కటే.

నేను ఆ మాట తప్పలేదండి. తప్పినా బాగుండేది. వారానికోసారి కాదు, రోజుకి రెండుసార్లు రాశాను. పొద్దున్న ఓసారి, మిల్లు కట్టేసి ఇంటికొచ్చాక ఓసారి. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే చేతులకైనా పని ఉండాలి కదా. నూనె ఎలాగూ సొంతం. తట్టేవాళ్ళు లేరు కాబట్టి నా మాడు నేనే తట్టుకునేవాణ్ణి. మీకు నవ్వులాటగా ఉంది, ఓసారి తట్టుకుని చూడండి. మన చెయ్యి మన మాడు మీద పడితే ఏమీ అనిపించదు. చప్పుడొక్కటే వస్తుంది.

రెండేళ్ళకి ఫలితం చేతికొచ్చింది. మొదట దురద. తరవాత దువ్వెన నిండా తెల్లగా పొట్టు. మొన్నామధ్య కొత్తపేటలో ఒక పెళ్ళికి నల్ల చొక్కా వేసుకెళ్ళాను. పక్క కుర్చీలో పెద్దాయన "అక్షింతలు పడ్డాయండీ" అని ఎంతో మర్యాదగా నా భుజం దులిపారు. దులిపి, వేళ్ళు చూసుకుని, పంచెకి తుడుచుకుని, రెండు కుర్చీలు అవతలికి వెళ్ళి కూర్చున్నారు. అప్పటికింకా అక్షింతలు పంచనే లేదు.

సరిగ్గా ఆ వారం శుక్రవారమే సత్యవతి ఫోన్‌లో చెప్పింది, సెలవు ఇచ్చేలా ఉన్నారు, ఇరవై రోజుల్లో వచ్చేస్తానని. మేం మాట్లాడుకునేది శుక్రవారం మాత్రమే. వీడియో కాల్, పది నిమిషాలు. మిగతా రోజుల్లో ఆవిడకి తీరిక ఉండదు. ఆ పది నిమిషాల్లో మొదటి ప్రశ్న తిన్నారా అని, రెండోది నూనె రాసుకున్నారా అని. వస్తున్నానన్న మాట వినగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఫోన్ పెట్టేశాక అద్దంలో తల చూసుకున్నాను. ఇంక ఆ సంతోషం లేదు.

ఆవిడ రాగానే చేసే మొదటి పని నాకు తెలుసు. పీట వేసి, కూర్చోబెట్టి, జుట్టు పాయలు తీసి చూస్తుంది. ఇలా ఉందని చూస్తే, నేను లేకపోతే ఈ మనిషి ఇలా అయిపోయాడా అనుకుంటుంది. మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ బెంగ కూడా పెట్టెలో పెట్టుకు వెళ్తుంది. అది నాకిష్టం లేదు. నేను ఇక్కడ బాగానే ఉన్నానని ఆవిడ నమ్మాలి. రెండేళ్ళు అబద్ధమాడి నమ్మించాను, తల ఒక్కటీ అడ్డంపడేలా ఉంది.

మర్నాడే అమలాపురంలో చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చిన్న వయసే కానీ గట్టి మనిషి. లైటు పెట్టి తల చూసి, "నూనె రాస్తారాండీ?" అన్నారు.

"ఆయ్. రోజూ రెండు పూటలా అండీ."

"అదేనండీ దీనికి మేత. పూర్తిగా మానేయాలి."

"పూర్తిగా అంటే మరీ పూర్తిగానా అండీ?"

"చుక్క కూడా వద్దండీ. ఇంతకీ ఏం చేస్తూంటారు?"

"కొబ్బరినూనె మిల్లండీ."

ఆవిడ చీటీ రాస్తున్న పెన్ను ఆపి నా మొహం చూశారు. జాలిపడ్డారో, నవ్వు ఆపుకున్నారో నేను చెప్పలేను. మందు షాంపూ రాశారు. వారానికి రెండంటే రెండుసార్లు, తలకి పట్టించి, అయిదు నిమిషాలు ఉంచి కడిగేయాలి. అయిదంటే అయిదే.

"ఎన్నాళ్ళకి తగ్గుతుందండీ?"

"నాలుగు వారాలు పడుతుందండీ. రెండు వారాలకి తేడా తెలుస్తుంది. తొందరపడి పొయ్యకండి."

నాలుగు వారాలంటే ఇరవై ఎనిమిది రోజులు. మా ఆవిడ వచ్చేది ఇరవై రోజుల్లో. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా ఇదే ఆలోచన. చివరికి నా తెలివితేటలు నాకు అడ్డొచ్చాయి. మనం కుంకుడుకాయలతో తలంటుకున్నవాళ్ళం. ఎంత రుద్దితే అంత మురికి పోతుంది, ఎంతసేపు నానితే అంత మంచిది. ఇదీ అంతే అనుకున్నాను. వారానికి రెండుసార్లు నాలుగు వారాలంటే ఎనిమిది తలంట్లు. అవేవో రోజుకొకటి చొప్పున చేసేస్తే ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. అయిదు నిమిషాల బదులు అరగంట ఉంచితే ఇంకా ముందే అయిపోతుంది. డాక్టరుగారికి ఈ సంగతి తట్టలేదు కాబోలనుకున్నాను.

ఇంక చూడండి. రోజూ పొద్దున్నే దొడ్లో బట్టలుతికే బండ మీద కూర్చోవడం, తల నిండా నురగ, కళ్ళు మూసుకుని అరగంట. ఫోన్‌లో టైమరు పెట్టి నూతి గట్టు మీద పెట్టేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే చెవులు బాగా పనిచేస్తాయి. పక్కింట్లో కుక్కరు కూత లెక్కపెట్టేవాణ్ణి. అవతల ఇంట్లో ఆయన రోజూ స్నానం చేసి తువ్వాలు కోసం కేకేస్తాడు, ఆవిడ రోజూ తిడుతూ తెచ్చిస్తుంది. ఒకరోజు నేనూ తువ్వాలు మర్చిపోయాను. అలవాటుకొద్దీ "సత్యా" అన్నాను. అని, నీళ్ళు కారుతూ కాసేపు అలాగే కూర్చున్నాను. తరవాత నేనే లేచి లోపలికి వెళ్ళి తెచ్చుకున్నాను. ఇల్లంతా తడి అడుగులు. అవి తుడిచిందీ నేనే.

అయిదు రోజులు తిరిగేసరికి నా తల చూడాలి. చుండ్రు తగ్గలేదు సరికదా, మాడు ఎర్రగా పగిలి కొత్త పొట్టు లేచింది. జుట్టు కొబ్బరి పీచులా నిలబడింది. అణిచి దువ్వితే లేచేది, తడిపితే పడుకుని మళ్ళీ లేచేది. అబ్బులు గానుగ ఆపి మరీ చూశాడు.

"ఏంటండీ బాబుగారూ, కరెంటు షాకేమైనా కొట్టిందేంటండీ?"

"నీ పని చూసుకో."

"నా పని నూనె తియ్యడమేనండీ. మీరు రాసుకోకపోతే ఇంకెవరికండీ తీసేది?"

అక్కడితో ఆగినా బాగుండేది. అదే రోజు రాజ్యలక్ష్మిగారు వచ్చారు. రిటైరైన టీచరుగారు, నెలనెలా మా నూనే తీసుకెళ్తారు. సీసా చేతిలో పట్టుకుని, లేబుల్ మీద జడ చూసి, నా తల చూసి, మళ్ళీ జడ చూశారు.

"తలకి నూనె మానేసేరేంటండీ? మీ నూనె మీరే రాసుకోకపోతే మేమెలా రాసుకుంటామండీ?"

నాకు ముచ్చెమటలు పోశాయి. డాక్టరుగారు వద్దన్నారని చెప్తే ఇంక మిల్లు మూసుకోవడమే. నోటికి వచ్చింది చెప్పేశాను.

"మొక్కండీ. మా ఆవిడ క్షేమంగా ఇంటికొచ్చేదాకా తలకి నూనె పెట్టనని మురమళ్ళ వీరేశ్వరస్వామికి మొక్కుకున్నానండీ."

ఆవిడ సీసా పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు. నాకో, స్వామికో తెలీలేదు. కళ్ళలో నీళ్ళు. "ఈ రోజుల్లో ఇలాంటి మొగుళ్ళు ఎక్కడున్నారండీ" అన్నారు. అబ్బులు గానుగ వెనకాల నుంచి నన్నో చూపు చూశాడు. ఆ చూపు గురించి మీకు చెప్పను.

మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. నూనె అక్కర్లేనివాళ్ళు కూడా నన్ను చూడ్డానికి వచ్చి సీసా కొనుక్కెళ్ళారు. ఎవరో మురమళ్ళ నుంచి కుంకుమ తెచ్చి ఇచ్చారు. ఒకావిడైతే వాళ్ళాయన్ని వెంటబెట్టుకొచ్చి, "చూడండి, చూసి నేర్చుకోండి" అని నా పీచుజుట్టు చూపించింది. ఆయన నన్ను పగవాణ్ణి చూసినట్టు చూశాడు. దేవుడి మీద అబద్ధం చెప్పానని లోపల పీకుతూనే ఉంది. పైకి మాత్రం గంభీరంగా తల ఊపుతూ కూర్చున్నాను. ఊపితే రాలుతుందని తరవాత గుర్తొచ్చి ఊపడం మానేశాను.

ఆ శుక్రవారం కాల్‌కి ముందు తలకి నీళ్ళు దట్టంగా పట్టించి అణిచి దువ్వాను. లైటు కింద కూర్చుంటే నూనె రాసుకున్నట్టే మెరిసింది. "నూనె బాగానే రాసుకుంటున్నారండీ" అని సత్యవతి సంతోషపడింది. ఆవిడ ఎప్పటిలాగే తలకి స్కార్ఫ్ చుట్టుకుని ఉంది. అక్కడి పద్ధతి అని మొదట్లోనే చెప్పింది, నేనూ మళ్ళీ అడగలేదు. ఆవిడ మాట్లాడుతుంటే నా చెవి పక్క నుంచి నీటిచుక్క జారి చొక్కా మీద పడింది. నూనె అంత తొందరగా కారదు. ఆవిడ చూడలేదులే అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో రోజు, ఆదివారం, పొద్దున్న పది గంటలు. అబ్బులికి సెలవు. నేను బండ మీద, తల మీద నురగ, నడుముకి తువ్వాలు. తువ్వాలు ఉందండి, కంగారు పడకండి. నూతి గట్టు మీద నిలబెట్టిన ఫోన్, నా వెనకాల గోడ మీద షాంపూ సీసా. ఫోన్ మోగింది. అరగంట అప్పుడే అయిపోయిందా అనుకుంటూ కళ్ళు మూసుకునే చెయ్యి చాచి, తడివేలితో దాని మీద అటూ ఇటూ రాశాను. మోత ఆగింది. ఇంకో అయిదు నిమిషాలు ఉంచుదాంలే అని అలాగే కూర్చున్నాను.

ఒంటరిగా ఉండేవాడికి ఒక రోగం పట్టుకుంటుంది. వస్తువులతో మాట్లాడతాడు. నేను గానుగతో మాట్లాడతాను, కుక్కరుతో మాట్లాడతాను. ఆ రోజు చుండ్రుతో మాట్లాడాను.

"చూడూ, నీకింక పదకొండు రోజులే టైముంది. మర్యాదగా పో. ఆవిడొచ్చి పీట వేసి తల చూసిందనుకో, నా పరువు పోతే పోయింది, ఆవిడ ఏడుస్తుంది. రెండేళ్ళయి చూడలేదు నేను ఆవిణ్ణి. రాగానే ఏడిపించాలా నువ్వు? రోజూ తలంటుతున్నాను, అరగంట ఉంచుతున్నాను, దేవుడి మీద అబద్ధం కూడా ఆడేశాను నీ మూలాన. ఇంకేం కావాలి నీకు?"

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

నూతి గట్టు మీద నుంచి మా ఆవిడ గొంతు.

బండ మీద నుంచి నేను కిందికి జారానండి. నడుం ఇప్పటికీ పట్టే ఉంది. ఒక కన్ను తెరిచాను. ఫోన్‌లో సత్యవతి. కళ్ళు వాచి ఉన్నాయి, అప్పటిదాకా ఏడ్చినట్టుంది. నా అవతారం చూసి ఏడవాలో నవ్వాలో తేలక నోరు చేత్తో మూసుకుంది. కాసేపటికి నవ్వే గెలిచింది. స్కార్ఫ్ కొసతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. రెండేళ్ళలో అంత నవ్వు నేను వినలేదు. కింద కూర్చునే విన్నాను, లేవాలనిపించలేదు.

"ఇవాళ శుక్రవారం కాదు కదా" అన్నాను.

"అల్లవరం అమ్మాయి ఒకామె ఇక్కడ పక్క వీధిలో పనిచేస్తదండీ. వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పేరంట. మీరు నాకోసం మొక్కుకున్నారని, తలకి నూనె లేక జుట్టంతా అట్టకట్టేసిందని. నిన్నంతా ఏడుస్తూనే ఉన్నానండీ. ఆ మొక్కు మానేయమని చెబుదామని చేశాను."

నురగ ఒక చెవిలోకి పోతోంది.

"మరి మొక్కైతే ఆ నురగేంటండీ?"

"కుంకుడుకాయ."

"కుంకుడుకాయకి అంత నురగెక్కడిదండీ? మీ వెనకాల ఆ సీసా ఏంటి?"

"ఏ సీసా?"

"గోడ మీదున్న సీసా అండీ. అది వారానికి రెండుసార్లే కదా, రోజూ అంటున్నారేంటి? అరగంటేంటండీ, మాడు ఊడిపోదూ? అయిదు నిమిషాలే ఉంచాలి."

నేను రెండో కన్ను కూడా తెరిచాను. మండినా తెరిచాను.

"నీకెలా తెలుసు?"

ఆవిడ అటూ ఇటూ చూసి, తలుపు గడియ వేసి వచ్చి, స్కార్ఫ్ తీసింది. జుట్టు మెడ దాకా ఉంది. అంతే. జడ లేదు. కువైట్ వెళ్ళిన మొదటి వేసవికే ఊడటం మొదలైందట. అక్కడి నీళ్ళు పడలేదట, తలంతా చుండ్రు. దువ్వితే గుప్పెళ్ళు గుప్పెళ్ళు వచ్చేస్తుంటే చూడలేక కత్తిరించేసుకుందట. ఏడాదయింది. ఏడాది నుంచి స్కార్ఫ్ వెనకాల కూర్చుని, నా తలకి నూనె ఉందో లేదో అడుగుతోంది.

"నాదిప్పుడు మూడో వారమండీ" అంది. "ఇక్కడ డాక్టరూ ఇదే రాసేరు. నూనె వద్దన్నారు. మీకెలా చెప్పనండీ? మన సీసా మీద జడ నాదే కదా. జడ లేదంటే మీరేమనుకుంటారోనని."

"మరి నేను పంపిన నూనె?"

అమలాపురం వైపు నుంచి కువైట్ వెళ్ళేవాళ్ళు ఎవరు దొరికినా బతిమాలి రెండేసి సీసాలు పంపేవాణ్ణి. గట్టిగా కట్టి, కారకుండా ప్లాస్టిక్ చుట్టి, అబ్బులు చేత మూత మీద టేపు వేయించి.

"పక్కింట్లో మలయాళీ ఆవిడ ఉందండీ, వంటమనిషి. ఆవిడకిచ్చేస్తున్నాను. చేపల కూరలో వేస్తదండీ."

"చేపల కూరలోనా?"

"ఆయ్. చాలా బాగుంటుందంటండీ. ఎక్కడ చేస్తారని అడిగింది."

మా నాన్నగారి కాలం నుంచి మా నూనెని అంతగా మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కతేనండి. తలకి రాసుకోకుండా మెచ్చుకుంది, అది వేరే విషయం.

జుట్టు బాగుందన్నాను. అబద్ధాలాడకండి అంది. కళ్ళలో షాంపూ పడుతుంటే అబద్ధమాడే ఓపిక నాకెక్కడిది అన్నాను. నిజంగానే బాగుంది. పెళ్ళికి ముందు వాళ్ళింట్లో గోడ మీద ఒక ఫొటో ఉండేది, ఎనిమిదో క్లాసులో తీసింది. అలాగే ఉంది. ఆ మాట చెప్దామనే నోరు తెరిచాను. కళ్ళు మండుతున్నాయన్నాను. షాంపూ పడితే మండుతుందని సీసా మీద రాసే ఉంటుంది కాబట్టి ఆవిడ నమ్మింది. లేదా నమ్మినట్టు ఊరుకుంది. నేను మాత్రం ఏడ్చానండి. మీ దగ్గర దాపరికం ఏముంది.

అప్పుడు చెప్పింది, మొక్కు సంగతి ఒక్కటే కాదు, ఫోన్ చేసింది ఇంకోటి చెప్పడానికి కూడా అని. సెలవు లేదట. వాళ్ళ మేడమ్‌గారు నీళ్ళోసుకున్నారు, ఇప్పుడు అయిదో నెల, పురుడు వచ్చి, బిడ్డకి మూడు నెలలు నిండేదాకా వదలరట. ఎలా లేదన్నా ఇంకో ఏడెనిమిది నెలలు.

"మీరు ఎదురుచూస్తూ ఉంటారని..." అంది.

"మంచిదేలే" అన్నాను. "నాలుగు వారాలు పడుతుందన్నారు డాక్టరుగారు. తొందరపడక్కర్లేదు ఇంక."

ఆవిడ మళ్ళీ నవ్వింది. ఈసారి కొంచెమే. "కడిగేసుకోండి ముందు" అంది. ఫోన్ అలా ఉండగానే చెంబుతో నీళ్ళు పోసుకున్నాను. "ఎడంపక్క ఇంకా ఉందండీ, చెవి వెనకాల" అని ఆవిడ చెప్తూ ఉంటే కడుక్కున్నాను. తొమ్మిది రోజుల్లో చెవి వెనకాల సరిగ్గా కడగడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది.

మర్నాడు మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నా తల చూసి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. "ఏం చేసేరండీ దీన్ని?" అన్నారు. చెప్పాను. మొక్కు సంగతి తప్ప అన్నీ చెప్పాను. వారం రోజులు ఏమీ పెట్టకుండా వదిలేసి, మళ్ళీ మొదటి నుంచి, వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు, నాలుగు వారాలు అన్నారు. ఈసారి వేళ్ళు చూపించి మరీ చెప్పారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

ఆ వారంలోనే మురమళ్ళ కూడా వెళ్ళాను. స్వామికి క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళానండి. వెళ్ళేసరికి అక్కడ రోజూ జరిగే కళ్యాణం జరుగుతోంది, పెళ్ళి కుదరాలని పెళ్ళికానివాళ్ళు చేయించుకుంటున్నారు. నేనొక్కణ్ణే పెళ్ళయినవాణ్ణి, అదీ ఒంటరిగా. అంతమందిలో నిలబడి, అబద్ధం చెప్పాను స్వామీ అందామనుకున్నాను. నోరు రాలేదు. దానికి బదులు ఆ మొక్కే నిజంగా మొక్కేసి వచ్చాను. కాబట్టి ఇప్పుడు చుండ్రు పోయినా ఉన్నా ఆవిడొచ్చేదాకా నాకు నూనె రాసుకునే యోగం లేదు. రాజ్యలక్ష్మిగారి దగ్గర మాత్రం తల ఎత్తుకోగలుగుతున్నాను.

షాంపూ రోజులు మా ఆవిడే ఖాయం చేసింది. బుధవారం, ఆదివారం. తలంటుకునేటప్పుడు మాత్రమే ఆ ఇంట్లో ఎవరూ పిలవరట, పిల్లలు తలుపు కొట్టరట. ఆ టైముకి నేనూ బండ మీద కూర్చుంటాను. ఇద్దరం నురగ పెట్టుకుని ఫోన్ ఎదురుగా పెట్టుకుంటాం. అయిదు నిమిషాలు. శుక్రవారం పది నిమిషాల్లో తిన్నారా, రాసుకున్నారా తప్ప వేరే మాటలు వచ్చేవి కాదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని మాట్లాడుకుంటామేమో, ఎక్కడెక్కడివో వస్తున్నాయి. మేడమ్‌గారికి పులుపు తినాలని ఉంటే మా ఆవిడ చింతకాయ పచ్చడి రుచి చూపించిన సంగతీ, మా అమ్మాయి ఇంజక్షన్ ఇవ్వడం నేర్చుకుని ముందు తనే కళ్ళు తిరిగి పడిన సంగతీ, అన్నీ. పక్కింట్లో కుక్కరు కూత ఆవిడకి కూడా వినిపిస్తుంది. మూడు కూతలయ్యాయండీ, ఇంక కట్టెయ్యరేంటి అంటుంది, కువైట్ నుంచి.

నిన్న డాక్టరుగారికి చూపించుకున్నాను. మాడు శుభ్రంగా ఉంది, పూర్తిగా తగ్గిపోయింది, ఇంక పదిహేను రోజులకోసారి పెట్టుకుంటే చాలండీ అన్నారు. సంతోషించాల్సిన మాటే. నేను మాత్రం, "ఇంకొన్నాళ్ళు వారానికి రెండుసార్లు వాడితే తప్పా అండీ?" అని అడిగాను. అంతకుముందు రోజూ అరగంట ఉంచిన మనిషిని కదా, ఆవిడ నన్ను అనుమానంగా చూశారు. "తప్పు కాదుగానీ దేనికండీ?" అన్నారు. ఊరికేనండీ అన్నాను. వచ్చేటప్పుడు మందుల షాపులో ఇంకో రెండు సీసాలు తీసుకున్నాను.

తగ్గిపోయిందని మా ఆవిడకి చెప్పలేదు. చెప్తే బుధవారం కాల్ దేనికి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆవిడ నాకంటే ముందు మొదలుపెట్టింది, నాలా మధ్యలో పాడుచేసుకోలేదు. లెక్క ప్రకారం ఆవిడది నెల కిందటే తగ్గిపోయి ఉండాలి. నిన్న బుధవారం కదా, అడుగుదామనే కూర్చున్నాను. ఆవిడ అప్పటికే తలంతా నురగతో సిద్ధంగా ఉంది. "నాకింకా కొంచెం ఉన్నట్టుందండీ, మీకెలా ఉంది?" అంది. నాకూ ఇంకా కొంచెం ఉందన్నాను.

అయిదు నిమిషాలు దాటి ఉంచకూడదని డాక్టరుగారి ఆర్డరు, మళ్ళీ మాడు పగలగొట్టుకునే ఓపిక నాకు లేదు. కానీ అయిదు నిమిషాలు లెక్కపెట్టేది తలంతా పట్టించడం పూర్తయ్యాక కదండీ. అందుకని ఇద్దరం పట్టించడమే చాలా నెమ్మదిగా పట్టిస్తున్నాం.